మునకల వారి అప్పాజీ

కాకినాడ కంటి ఆసుపత్రిలో నర్సు గది తలుపు దగ్గర నిలబడి "మునకల..." అని పిలిచింది. మిగతా పేరు ఆవిడ నోట్లో ఉండగానే అప్పాజీ లేచాడు. వెనక బల్ల మీంచి ఇంకొకాయన కూడా లేచాడు.

"ఎవరండీ మునకల?" అంది నర్సు.

"నేనేనండి," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

కూర్చున్నవాళ్ళు నవ్వారు. అప్పాజీ నవ్వలేదు. వెనక్కి తిరిగి ఆ మనిషిని ఎగాదిగా చూశాడు. ఎండకీ ఉప్పుగాలికీ నల్లబడ్డ ఒళ్ళు, తెల్ల లుంగీ, ఒక కంటి మీద ఆకుపచ్చ గుడ్డ. పిలిచింది ఆయన్నే. మునకల పెదబాబు. వరస ఆయనదని తెలిశాక కూడా అప్పాజీ కూర్చోలేకపోయాడు.

"మీ ఇంటిపేరు మునకలేనాండీ?"

"ఆయ్. మాదదేనండి. మాది భైరవపాలెమండి. సముద్రం మీద చేపల ఏటకెళ్తాం. మరి తవరిది?"

అప్పాజీకి అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. అన్ని ఏళ్ళలో తన బంధువులు తప్ప ఆ ఇంటిపేరుగల మనిషి ఆయనకు తారసపడలేదు. రావులపాలెం దగ్గర లంక గ్రామంలో ఆయనది అరటి తోట. గెలలు కొట్టించి మార్కెట్‌కి పంపడం, ఒండ్రు మేటలు వేసిన చోట మళ్ళీ పిలకలు నాటించడం, ఇదే జీవితం. మార్కెట్లో ఎన్ని జిల్లాల లారీలు ఆగేవో! ప్రతి డ్రైవర్నీ, ప్రతి వ్యాపారినీ ఆయన అలవాటుగా ఇంటిపేరు అడిగేవాడు. నడింపల్లి, కొప్పిశెట్టి, చిక్కాల, యాళ్ళ... అన్నీ వినిపించేవి. మునకల మాత్రం ఎక్కడా వినిపించలేదు.

చిన్నప్పుడు ఆ పేరు ఆయనకు ముల్లులా ఉండేది. పరీక్ష పేపర్లు ఇచ్చే రోజున మేష్టారు, "ఏరా మునకలా, ఈసారి మునిగావా తేలావా?" అనేవారు. క్లాసంతా గొల్లుమనేది. ఒకరోజు ఏడుస్తూ ఇంటికొస్తే తండ్రి ఏటిగట్టు మీదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి చెప్పాడు.

"మునిగిపోవడం వేరు, మునకెయ్యడం వేరురా. వరదలో ఈ గట్టుకి అడుగున బొరియ పడింది. పైనుంచి ఎంత మట్టి పోసినా నిలవట్లేదు. మన తాతలనాటి ఒకాయన నడుముకి మోకు కట్టించుకుని, గడ్డిమోపు చంకన పెట్టుకుని నీళ్ళలోకి మునకేశాడు. ఊపిరాడక పైకొచ్చేవాడు, మళ్ళీ మునకేసేవాడు. గట్టు నిలబడింది, ఊరు నిలబడింది. అప్పట్నించి మనల్ని మునకల వారన్నారు. నీకు సిగ్గెందుకు?"

ఆ తండ్రి కొన్నాళ్ళకే పాము కాటుతో పోయాడు. తమ్ముడు ఉదయభాస్కర్ అప్పటికి పదేళ్ళవాడు. వాణ్ణి భుజాన వేసుకుని పెంచింది అప్పాజీయే. గట్టు కథను కూడా తండ్రి చెప్పినట్టే, ఒక్క మాట పోకుండా వాడికి చెప్పాడు. ఉదయభాస్కర్ చదువుకుని రాజమండ్రిలో టైల్స్ షోరూమ్ పెట్టాడు, బాగా స్థిరపడ్డాడు. అతనికి ఒక్కడే కొడుకు, శ్యాంబాబు. అప్పాజీకి ఒక్కతే కూతురు, లావణ్య. ఆమె పెళ్ళై తణుకు వెళ్ళిపోయింది, ఇంటిపేరూ మారింది. కాబట్టి ఆ ఇంట్లో పేరు నిలబడాలంటే శ్యాంబాబే. ఈ మాట అప్పాజీ పైకి అనేవాడు కాదుగానీ, వాడు సెలవులకు వచ్చి తోటలో తిరుగుతుంటే ఆయన చూపులో తెలిసిపోయేది.

ఆసుపత్రిలో పెదబాబు దొరికాక అప్పాజీ కుదురు పోయింది. నెల తిరక్కుండా భైరవపాలెం వెళ్ళాడు. పెదబాబు భార్య లోవలక్ష్మి చేపల పులుసు పెట్టి, చేతులు కడుక్కునేదాకా పక్కనే నిలబడింది. మీ ఇంటిపేరు ఎలా వచ్చిందని అడిగితే పెదబాబు చెప్పాడు:

"మా తాతలు మునిగిన పడవల్లో సామాన్లు తీసేవోరంటండి. కొబ్బరికాయల పడవ, ధాన్యం పడవ, ఏది బోల్తాపడ్డా మావోళ్ళకే కబురంట. మునకేసి లంగరు కూడా పైకి తెచ్చేవోరంట. అందుకని మునకలోళ్ళు అన్నారండి."

కథలు రెండూ వేరు, నీళ్ళు ఒక్కటే. అప్పాజీకి ఒళ్ళు పులకరించింది. పెదబాబు తనకంటే పెద్దవాడు కాబట్టి ఆ రోజు నుంచి ఆయన్ని "అన్నయ్యా" అని పిలవడం మొదలుపెట్టాడు. పెదబాబు మొదట్లో ఇబ్బంది పడ్డాడు. "వద్దండి, బాగోదండి," అన్నాడు. తర్వాత తనూ "తమ్ముడుగారండి" అనడం నేర్చుకున్నాడు. ఊళ్ళో కొందరు చెవులు కొరుక్కున్నారు. కాపుదనం చేసుకునేవాడికి, వలలేసుకునేవాడికి అన్నదమ్ముల వరస ఏంటన్నారు. అప్పాజీ పట్టించుకోలేదు.

ఇంజనీరింగ్ చదువుతున్న శ్యాంబాబు ఇదంతా సరదాగా తీసుకున్నాడు. "పెదనాన్నా, మనవాళ్ళు ఇంకెక్కడున్నారో నేను పడతాను చూడు," అని ఫేస్‌బుక్‌లో, ఓటర్ల జాబితాల్లో వెతికాడు. మోటార్ సైకిల్ మీద ఆయన్ని వెంటబెట్టుకుని తిరిగాడు. మండపేటలో రైస్ మిల్లు దగ్గర రెండిళ్ళు దొరికాయి. వాళ్ళ కథ మరొకటి. వాళ్ళ పూర్వీకుల ఊరు గోదావరి కోతలో మునిగిపోతే కట్టుబట్టలతో వచ్చారట, అందుకని మునకల వారట. సముద్రం వైపు ఏడిళ్ళు, లంకల్లో తనదీ దూరపు బంధువు ఒకరిదీ, రాజమండ్రిలో తమ్ముడిదీ, మండపేటవి రెండు. వెరసి పన్నెండు గడపలు. అన్నిచోట్లా ఆడపిల్లలే ఎక్కువ. పెళ్ళిళ్ళతో పేరు తరిగిపోతూ వస్తోంది. శ్యాంబాబు 'మునకల వారు' అని వాట్సాప్ గ్రూపు పెట్టి అందరినీ కలిపాడు.

ఆ కార్తీకంలో అప్పాజీ తన తోటలోనే వనభోజనాలు పెట్టాడు. పన్నెండు గడపలవాళ్ళూ వచ్చారు. కార్తీకం కదా, నీచు ముట్టరని తెలిసి లోవలక్ష్మి తాటిబెల్లం బుట్ట తెచ్చింది. పెదబాబు మనవలు అరటి దొప్పల్లో నీళ్ళు పోసుకుని పరుగులు పెట్టారు. అప్పాజీ భార్య పాపాయమ్మ పనసపొట్టు కూర వండించింది. ఉదయభాస్కర్ మాత్రం ఎండ ఎక్కాక కారులో వచ్చాడు. అందరూ ఒకే బంతిలో కూర్చోవడం చూసి, షోరూమ్‌లో పనుందంటూ విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్ళిపోయాడు. అప్పాజీ దాన్ని పనే అనుకున్నాడు. సాయంత్రం అందరూ నిలబడి ఫొటో దిగారు. మధ్యలో అప్పాజీ, పెదబాబు భుజం మీద చెయ్యివేసి. మండపేట కుర్రాడెవరో ఆ ఫొటోని ఫేస్‌బుక్‌లో పెట్టాడు.

ఇది జరిగిన రెండో ఏడు శ్యాంబాబుకి సంబంధం కుదిరింది. తనతో ఉద్యోగం చేస్తున్న అమ్మాయే, సాయిదుర్గ. కాకినాడలో పేరున్న కుటుంబం. కబురు వినగానే అప్పాజీ తోటలోంచి పరిగెత్తుకొచ్చినంత పని చేశాడు. "పెదబాబు అన్నయ్యవాళ్ళకి నేనే చెప్తాను," అన్నాడు ఫోన్లో. "నిశ్చితార్థానికి దగ్గరవాళ్ళమే అనుకున్నాం అన్నయ్యా. పెళ్ళికి చూద్దాంలే," అన్నాడు అవతల ఉదయభాస్కర్.

నిశ్చితార్థం రాజమండ్రిలో, గోదావరి కనబడే హోటల్లో. అప్పాజీ పట్టుపంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. వియ్యాలవారు వచ్చి నమస్కారాలు పెట్టారు. పంతులుగారు లగ్నపత్రిక అందుకుని గట్టిగా చదవసాగారు. ఆడపిల్లవారి వంశం అయింది. మగపిల్లవాడి వైపు వచ్చేసరికి, "మునగాల వారి వంశోద్ధారకుడు, మునగాల ఉదయభాస్కర్ గారి ఏకైక పుత్రుడు..." అన్నారు.

అప్పాజీ నవ్వుతూ లేచాడు. ఇలాంటి తప్పులు ఆయనకు కొత్త కాదు.

"పంతులుగారూ, మునగాల కాదండి. మునకల. అందరూ అలాగే పొరబడతారండి."

పంతులుగారు కాగితం వంక చూశారు. మళ్ళీ అప్పాజీ వంక చూశారు. "ఇందులో మునగాల అనే ఉందండి."

"పొరపాటున రాసుంటారండి. మా ఇంటిపేరు నాకు తెలీదాండీ?"

పెళ్ళికూతురి తండ్రి భార్య వైపు తిరిగాడు. ఎవరో దగ్గారు. అప్పాజీ తమ్ముడి కోసం చూశాడు, వీడైనా చెప్తాడని. ఉదయభాస్కర్ తలెత్తలేదు. పంచె అంచు సర్దుకుంటూ, "సరిగానే ఉంది పంతులుగారూ, మీరు కానివ్వండి," అన్నాడు.

అప్పాజీ నిలబడే ఉన్నాడు. శ్యాంబాబు వైపు చూస్తే వాడు చేతి ఉంగరం తిప్పుకుంటున్నాడు. పక్కనుంచి పాపాయమ్మ ఆయన కండువా అంచు పట్టుకుని కిందకి లాగింది. "కూర్చోండి," అంది మెల్లగా. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. అప్పాజీకి ముందుగా తగిలింది అదే.

తాంబూలాలు అయ్యేదాకా ఆయన కదలలేదు. తర్వాత ఉదయభాస్కర్ ఆయన్ని పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు.

"ఏడాది క్రితమే మార్చుకున్నాం అన్నయ్యా. నేను, శ్యాం, మా ఆవిడ. గెజిట్లో వేయించాం. పిల్లల సంగతి తెలిసిన కొత్తలోనే అమ్మాయి తరపువాళ్ళు ఫేస్‌బుక్‌లో నీ ఫొటో చూశారు. మీరు సముద్రం వాళ్ళా అని మధ్యవర్తిని పంపి అడిగించారు. ఏం చెప్పను?"

"కాదని చెప్పు. మాది అరటి తోట అని చెప్పు. అబద్ధం కాదుగా."

"చెప్పాను. అయితే అన్నదమ్ములనుకుంటూ ఆ బంతి భోజనాలేంటి అన్నారు. పైగా మా అమ్మాయి పేరు ముందు మునక ఏంటి, అపశకునం కాదా అన్నారు. ఒక్క అక్షరం అన్నయ్యా. అసలు నన్ను హైస్కూల్లో చేర్చినప్పుడు హెడ్మాస్టారు మునగాల అనే రాశాడు. నువ్వే దెబ్బలాడి దిద్దించావు. ఆ రోజు వదిలేసి ఉంటే ఇవాళ ఇంత గొడవే లేదు."

"నాన్న చెప్పింది మర్చిపోయావురా?"

"నాన్న చెప్పింది కథ అన్నయ్యా. బొరియ మూసినవాడి పేరేంటో నీకు తెలుసా? ఏ వరదో తెలుసా? మండపేటవాళ్ళు చెప్పిందే నిజమేమో. మనం మునిగిపోయినవాళ్ళమేమో!"

నిజంగానే అప్పాజీకి ఆ పేరు తెలియదు. "నన్నెందుకు పిలిచావు మరి?" అన్నాడు చివరికి.

"నువ్వు లేకుండా వాడి పెళ్ళెలా చేస్తాను? నువ్వూ మునగాల వారే అని వాళ్ళకి చెప్పాను. పాతవాళ్ళు మునకల అంటారు, అసలు పేరు మునగాలే అని చెప్పాను. నువ్వు ఇవాళ నోరు జారకుండా ఉంటే..."

తలుపు తీసుకుని శ్యాంబాబు లోపలికొచ్చాడు. "పెదనాన్నా, నీకు చెప్దామని చాలాసార్లు అనుకున్నాను," అన్నాడు. "నాకు సాయిదుర్గ అంటే..." మాట పూర్తికాలేదు. అప్పాజీ వాడి తల మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉండు నాన్నా," అని బయటికి నడిచాడు.

తిరుగు దారిలో కారు జొన్నాడ వంతెన మీదికి వచ్చింది.

"నీకెప్పుడు తెలుసు?" అన్నాడు అప్పాజీ.

పాపాయమ్మ కిటికీలోంచి గోదావరిని చూస్తోంది. "దసరాకి తోటికోడలు చెప్పింది. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

"దసరా నుంచి నాకు అన్నం పెడుతూనే ఉన్నావు."

"ఏం చెయ్యమంటారు? చెప్తే పెళ్ళి ఆగేది. మీకు పేరు ముఖ్యం, నాకు పిల్లాడు ముఖ్యం. సెలవులన్నీ నా చేతి అన్నం తిని పెరిగాడండీ వాడు!"

ఇంటికొచ్చాక అప్పాజీ ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపు చూశాడు. శ్యాంబాబు అందులోంచి వెళ్ళిపోయి ఎన్నో నెలలైంది. పెట్టినవాడే వెళ్ళిపోయాడు. పండగ శుభాకాంక్షలూ దేవుడి బొమ్మలూ చూసుకుంటూ తను గమనించనే లేదు.

మర్నాడు యానాం బస్సెక్కి, అక్కడ ఆటో మారి భైరవపాలెం వెళ్ళాడు. ఏం చెప్పాలని వెళ్ళాడో ఆయనకే తెలియదు. పెదబాబు వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. నిశ్చితార్థంలో జరిగిందంతా విని చేతిలో దారం కింద పెట్టాడు.

"నాకు తెలుసండి తమ్ముడుగారండి," అన్నాడు.

అప్పాజీ ముందుకు వంగాడు. "మీకెలా తెలుసు?"

"మీ తమ్ముడుగారు వొచ్చారండి ఇక్కడికి. కార్లో వొచ్చారు. మర్యాదగానే మాట్లాడారండి. మా అన్నయ్య అమాయకుడు, మీరైనా అర్థం చేసుకోండి, పెళ్ళయ్యేదాకా మా ఊరి వేపు రాకండి అన్నారు. ఫోన్లో ఆ వనభోజనాల ఫొటోలు కూడా చెరిపించేశారండి మా మనవడి చేత."

అప్పుడు అర్థమైంది అప్పాజీకి. సంవత్సరం నుంచీ ఎన్నిసార్లు పిలిచినా పెదబాబు మోకాళ్ళ నొప్పులంటూ రాలేదు. ఆయన నిజంగానే నొప్పులనుకుని నూనె సీసాలు పంపించాడు.

"నాకు చెప్పలేదేం?"

లోవలక్ష్మి గుమ్మంలోంచి అందుకుంది. "ఎలా చెప్తామండి? మీ అన్నదమ్ముల మధ్య పుల్లలు పెట్టారంటారండి మమ్మల్నే. మీరు అన్నయ్యా అని పిలిచారు, అది చాలండి మాకు. మా పేరుకేం కాలేదు. మా పేరు మాకుంది."

ఆవిడ మామూలుగానే అంది. కానీ అప్పాజీ తలదించుకున్నాడు. తన తమ్ముడు వచ్చి ఈ గుమ్మంలో నిలబడి ఆ మాటలు అన్నాడు. ఈ మనుషులు అది మింగి, తను పంపిన నూనె మోకాళ్ళకి రాసుకున్నారు. తనకి జరిగిన మోసం కంటే ఇది ఎక్కువ మండింది. మంచం పట్టె పట్టుకుని కూర్చుని, పిల్లలు చూస్తుండగానే ఏడ్చాడు.

పెళ్ళికి ఆయన వెళ్ళలేదు. పాపాయమ్మ వెళ్ళింది. వెళ్ళొద్దని ఆయన అనలేదు, బస్టాండు దాకా దింపి వచ్చాడు. అక్కడ పెళ్ళికొడుకు పెదనాన్నగారికి ఒంట్లో బాగోలేదని చెప్పారట. ఆయన ఆ పూట తోటలో గెలలు కొట్టించి, లారీకెత్తించి, కూలీలతో పాటే కూర్చుని తిన్నాడు.

పదహారు రోజుల పండగ అయ్యాక ఉదయభాస్కర్ కొత్త దంపతుల్ని వెంటబెట్టుకుని ఊరికి వచ్చాడు. అప్పాజీ గుమ్మంలోకి ఎదురెళ్ళి, సాయిదుర్గని "రా తల్లీ" అని లోపలికి పిలిచాడు. పాపాయమ్మ హారతి ఇచ్చింది. పిల్లలిద్దరూ కాళ్ళకి దణ్ణం పెడితే అక్షింతలు వేశాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి కుర్చీ జరిపాడు.

"రండి, ఉదయభాస్కర్ గారూ. కూర్చోండి. ప్రయాణం బాగా జరిగిందాండీ?"

ఉదయభాస్కర్ ముఖంలో నవ్వు అలాగే ఆగిపోయింది. "అన్నయ్యా!"

"కాఫీ తీసుకుంటారా, మజ్జిగ తీసుకుంటారా అండీ?"

"తిట్టు అన్నయ్యా. చెయ్యి చేసుకో. ఈ గారు, అండీ ఏంటి? నేను నీ తమ్ముణ్ణి."

"మా తమ్ముడు మునకల వారండి. మునగాల వారు ఇంటికొచ్చిన పెద్దమనుషులు. మర్యాద చెయ్యకపోతే బాగోదు."

కొత్త కోడలికి ఏమీ అర్థం కాలేదు. శ్యాంబాబు పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఉదయభాస్కర్ మజ్జిగ గ్లాసు పట్టుకుని తాగలేక, కింద పెట్టలేక కూర్చున్నాడు. కారు బయల్దేరాక మలుపు దగ్గర ఆగిందనీ, అతను దిగి కాలవగట్టు మీద చాలాసేపు నిలబడ్డాడనీ తర్వాత ఎవరో చెప్పారు.

ఆ తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకోకుండా ఏం లేరు. పొలం గట్టు తగాదా వస్తే ఉదయభాస్కర్ ఫోన్ చేస్తాడు, అప్పాజీ తెలిసింది చెప్తాడు. కానీ ఆ 'గారు' మాత్రం పోలేదు. ఒకసారి తమ్ముడికి జ్వరమని తెలిసి ఫోన్ చేసినప్పుడు, ఈసారి ఒరేయ్ అనే పిలవాలని అప్పాజీ గట్టిగా అనుకున్నాడు. అవతలివాడు హలో అనగానే "ఎలా ఉందండీ?" అనే వచ్చింది నోట్లోంచి. ఆ సంగతి పాపాయమ్మతో చెప్పుకుని, "నా వల్ల కావట్లేదే," అన్నాడు.

శ్యాంబాబుకి కూతురు పుట్టింది. బారసాలకి రమ్మని వాడే స్వయంగా వచ్చి బతిమాలితే అప్పాజీ వెళ్ళాడు. ఉయ్యాల దగ్గర నిలబడి పసిదాని వేలు పట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత భోజనాల దగ్గర, పక్కన కూర్చున్న కాకినాడ పెద్దాయన ఎవరో పలకరింపుగా అడిగారు.

"మీరు మునగాల వారికి ఏమవుతారండీ?"

వడ్డన చేయిస్తూ ఉదయభాస్కర్ సరిగ్గా అటే వస్తున్నాడు. చేతిలో నేతి గిన్నె ఉంది.

"ఏమీ కానండి," అన్నాడు అప్పాజీ. "వాళ్ళ ఊరివాణ్ణి."

ఉదయభాస్కర్ నెయ్యి వెయ్యడానికి వంగాడు. అప్పాజీ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలండి," అన్నాడు.